రోవియో: డెవలపర్ నుంచి పబ్లిషర్ దాకా

ఫోన్‌లో ఆడే ఆటను రూపొందించే సంస్థను డెవలపర్ అనీ, దాన్ని విడుదల చేసి ఆటగాళ్ళకు చేర్చే సంస్థను పబ్లిషర్ అనీ అంటారు. ఈ తేడా గుర్తుంచుకుంటే ఫిన్లాండ్‌కు చెందిన రోవియో చరిత్ర మీకు సులభంగా బోధపడుతుంది.

నోకియా పుట్టింది ఆ దేశంలోనే. 1997లో నోకియా ఫోన్లలో వచ్చిన స్నేక్ ఆట మీలో కొందరైనా ఆడి ఉంటారు. 2003లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు ఒక మొబైల్ ఆటల పోటీలో గెలిచి, రెలూడ్ అనే సంస్థను స్థాపించారు. 2005లో అది రోవియోగా మారింది. ఫిన్నిష్ భాషలో ఆ మాటకు మన భోగిమంట లాంటి పెద్ద మంట అని అర్థం.

తొలి ఆరేళ్ళలో రోవియో 50కి పైగా ఆటలు తయారుచేసింది. అయినా దివాలా అంచుకు చేరింది. దీనికి కారణం నైపుణ్యలోపం కాదని గమనించండి. అప్పట్లో ఫోన్ల తెరలు, మీటలు ఒక్కో మోడల్‌కు ఒక్కో తీరుగా ఉండేవి. ఒకే ఆటను ఎన్నో రకాలుగా మార్చవలసి వచ్చేది. అమ్మకాలపై ఆధిపత్యం టెలిఫోన్ కంపెనీలది. చాలా ఆటలను రోవియో ఇతర సంస్థల కోసం కాంట్రాక్టు మీద చేసిచ్చేది.

2008 జులైలో ఆపిల్ యాప్ స్టోర్ ప్రారంభమైంది. అప్పట్లో రాబడిలో 30 శాతం ఆపిల్‌కు వదులుకుంటే, చిన్న సంస్థ సైతం అనేక దేశాల్లో ఆటను అమ్ముకోగలిగేది. 2009 డిసెంబరులో వచ్చిన యాంగ్రీ బర్డ్స్ ఈ దారిలోనే విజయం సాధించింది. అయితే ఐఫోన్‌లో దాని పబ్లిషర్ బ్రిటన్ సంస్థ చిల్లింగో. ఆండ్రాయిడ్‌లో రోవియో స్వయంగా విడుదల చేసుకుంది. 2013లో రోవియో స్టార్స్ పేరుతో ఇతరుల ఆటలను కూడా ప్రచురించింది.

ఇంతలో మార్కెట్ మళ్ళీ మారింది. ఆటను ఉచితంగా ఇచ్చి, ఆట లోపలి వస్తువులను అమ్మే పద్ధతి బలపడింది. హెల్సింకీలోని సూపర్‌సెల్ 2012లో క్లాష్ ఆఫ్ క్లాన్స్‌తో ఈ పద్ధతిలో ముందుకు దూసుకుపోయింది. రోవియో వెనకబడింది, 2014, 2015 సంవత్సరాల్లో వందల మంది ఉద్యోగాలు పోయాయి. 2015లో యాంగ్రీ బర్డ్స్ 2 ఉచిత ఆటగా వచ్చింది. 2017లో సంస్థ స్టాక్ మార్కెట్‌కు వెళ్ళింది. 2023లో జపాన్ సంస్థ సెగా సుమారు 70.6 కోట్ల యూరోలకు దాన్ని కొనుగోలు చేసింది.

సరుకు మంచిదైతే చాలదు, అది కొనేవారిని చేరే దారి ఎవరి అధీనంలో ఉందన్నది కూడా ముఖ్యమేనని ఈ చరిత్ర చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 2009కి ముందు రోవియో ఎదుర్కొన్న ఇబ్బందులకూ, 2012 తరవాత ఎదుర్కొన్న ఇబ్బందులకూ గల తేడాను వివరించండి.