హరితశాంతి నావలోని వంటవాడు



నౌకాయాత్రల చరిత్రము వ్రాయువారు నాయకుని స్తుతింతురు, నావను వర్ణింతురు. వంటవానిని మాత్రము తఱచుగా విడిచిపుత్తురు. విరాటుని కొలువున వలలుడై గరిటె పట్టిన భీమసేనుని మఱవని వారము గనుక మనము అట్లు చేయరాదు. నేడు మనవి చేయదలచినది 1971 నాటి యొక వంటవాని సంగతి.

అలాస్కాకు పడమట అల్యూషియను ద్వీపమాలికలో ఆమ్‌చిట్కా యను దీవి కలదు. అచ్చట భూగర్భమున అమెరికా ప్రభుత్వమువారు 1965లోను, 1969లోను అణ్వస్త్రములను పరీక్షించి, అంతకంటె పెద్దదానిని ప్రేల్ప సంకల్పించిరి. 1964లో అలాస్కాను వణకించిన భూకంపమును, దాని వెంట వచ్చిన యుప్పెనను ఎఱిగిన తీరవాసులకు భయము కలుగుట సహజమే. కెనడాలోని వాంకూవరు నగరమున కొందఱు సంఘముగా కూడిరి. తరంగమును లేపకుడని ఆ సంఘనామమునకు అర్థము.

1970లో ఒక సభ ముగియు వేళ ఇర్వింగ్ స్టో అను పెద్దమనుష్యుడు రెండు వ్రేళ్లెత్తి "శాంతి" యని సెలవు పుచ్చుకొనుచుండగా, బిల్ డార్నెల్ అను యువకుడు దానిని హరితశాంతిగా చేయుడని మెల్లగా ననెను. "గ్రీన్‌పీస్" అను మాట యట్లు పుట్టినది. చొక్కాకు తగిలించుకొను చిన్న బిళ్లపై రెండు పదములు విడివిడిగా నిముడకపోవుటచే ఒక్కటిగా కలిపిరి. మన వైయాకరణులు సమాసమునకు చెప్పిన హేతువులలో బిళ్ల కొలత లేదు!

1971 సెప్టెంబరు 15న ఫిల్లిస్ కార్మాక్ అను చేపల పడవ వాంకూవరు నుండి బయలుదేరెను. యాత్ర నిమిత్తము దానికి గ్రీన్‌పీస్ అనియే పేరిడిరి. పొడవు 80 అడుగులు. జనులు 12 మంది. పేరు పెట్టిన డార్నెలే వంటపని చేపట్టెను. ఉత్తరసముద్రమున శరత్కాలపు కెరటములలో వంట యన్న నేమో యూహింపుడు. కుండలు జారిపోకుండ ఓడపొయ్యి చుట్టును కమ్ములు బిగింతురు. తోడివారు కడుపు త్రిప్పి పడియున్నను వంటవానికి సెలవు లేదు, వేళకు వండవలసినదే. పడవలో పత్రికారచయితలును ఉండిరి; వారి వ్రాతల వలననే యాత్ర లోకమునకు తెలిసెను. ముందుకు పోవుటయా, మరలుటయా యని వారిలో తీవ్రవాదములు చెలరేగినవి. ఎంత వాదించుకొన్నను అందఱును భుజింపవలసినది ఆ యిఱుకు పడవలోనే గదా!

సెప్టెంబరు 30న అకుటన్ దీవియొద్ద, సుంకపు నిబంధన తప్పిరని అమెరికా తీరరక్షక నౌక "కాన్ఫిడెన్స్" వారిని నిర్బంధించెను. విచిత్రమేమనగా, ఆ నౌకలోని నావికులే కొందఱు వీరిని సమర్థించుచు చేవ్రాళ్లు చేసిన లేఖ నొసగిరి. పడవ గమ్యము చేరకయే మరలెను. నవంబరు 6న బాంబు ప్రేలెను. దాని శక్తి ఇంచుమించు 50 లక్షల టన్నుల టి.ఎన్.టి.కి సమానము. 1972లో ఆమ్‌చిట్కా పరీక్షలను మానితిమని ప్రభుత్వము ప్రకటించెను. ఆ యేటనే సంఘమువారు తమ పాతపేరు విడిచి, వంటవాని నోట వెడలిన మాటనే పేరుగా గైకొనిరి.