రంగు పెన్సిల్ ముల్లు ఎందుకు విరుగుతుంది? తిప్పుడు మెండర్ కథ

కొత్త కలర్ పెన్సిళ్ల డబ్బా కొన్నారు. ఎర్ర పెన్సిల్ మెండర్‌లో పెట్టి తిప్పారు. ముల్లు విరిగింది. మళ్లీ చెక్కారు, మళ్లీ విరిగింది. సగం పెన్సిల్ బొమ్మలోకి కాదు, చెత్తబుట్టలోకి పోయింది. తప్పు మీ చేతిదేనా? కాదు. ఎందుకు కాదో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

1795లో ఫ్రాన్స్‌లో నికొలా జాక్ కాంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి, బట్టీలో కాల్చి, పెన్సిల్ ముల్లు తయారుచేశాడు. మనం రాసుకునే పెన్సిల్ ఇప్పటికీ అదే దారిలో పుడుతుంది. కలర్ పెన్సిల్ అలా కాదు. దాంట్లో ఉండేది రంగుపొడి, మైనమో నూనెనో, కొంచెం జిగురు. కాలిస్తే మైనం కరిగిపోతుంది కదా, అందుకే కాల్చరు. కాగితం మీద అంత మెత్తగా సాగేదీ అందుకే, టక్కున విరిగేదీ అందుకే.

మొదట్లో అందరూ చాకుతోనే చెక్కుకునేవాళ్లు. 1828లో బెర్నార్ లాసిమోన్ అనే ఫ్రెంచి గణితవేత్త పెన్సిల్ చెక్కే పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. 1847లో మరో ఫ్రెంచాయన, తియెరీ దెజ్ ఎస్తివో, శంకు ఆకారపు రంధ్రం ఉన్న మెండర్ చేశాడు. మన జామెట్రీ బాక్సులోది దాని మనవరాలే. ఇక్కడే ఒక చిక్కుంది. ఇందులో బ్లేడు కదలదు, పెన్సిలే తిరగాలి. మెత్తటి ముల్లు ఆ మెలికకు తట్టుకోలేదు.

1897 నవంబర్ 23న అమెరికాలో జాన్ లీ లవ్ అనే నల్లజాతి వడ్రంగి, చేత్తో పిడి తిప్పే మెండర్‌కు పేటెంట్ పొందాడు. అక్కడ బానిసత్వం రద్దయి అప్పటికి 32 ఏళ్లే! ఆయన మెండర్‌లో పొట్టు కింద రాలదు, లోపలే ఉండిపోతుంది.

ఆ తర్వాత ఆఫీసుల్లో, స్కూళ్లలో బల్లకు బిగించే పెద్ద మెండర్లు వచ్చాయి. వీటి లోపల మెలికల పళ్లున్న ఉక్కు కట్టర్లు ఉంటాయి. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరుగుతుంది చూడండి, అచ్చం అలాగే అవి పెన్సిల్ చుట్టూ తిరుగుతాయి. పెన్సిల్ మాత్రం కదలదు. అసలు కిటుకు ఇదే!

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? లోపల మామూలు బ్లేడు కాకుండా మెలికల కట్టర్ ఉందా? మొన పొడవు మార్చుకునే వీలుందా? మెత్తటి ముల్లుకు పొట్టి మొనే మంచిది. మీ లావు పెన్సిల్ ఆ రంధ్రంలో పడుతుందా? పెన్సిల్‌ను పట్టుకునే క్లిప్పు మరీ గట్టిదైతే చెక్క మీద పంటిగాట్లు పడతాయి, అదీ చూసుకోండి.

వాడేటప్పుడు పెన్సిల్‌ను లోపలికి నొక్కొద్దు. పిడిని నిదానంగా, ఒకే వేగంతో తిప్పండి. చేతికి బిగువు తగలడం ఆగిందంటే మొన తయారైనట్టే. కట్టర్‌కు మైనం అంటుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు ఒక మామూలు పెన్సిల్ చెక్కండి, శుభ్రపడుతుంది.

ఒక్క మాట. కింద పడి లోపలే ముక్కలైన ముల్లును ఏ మెండరూ కాపాడలేదు. కాబట్టి పెన్సిళ్లు బల్ల అంచున పెట్టకండి. మెండర్ కన్నా ముందు మన జాగ్రత్తే వాటిని కాపాడేది. ఉంటాను మరి!