ఇంట్లో డిమెన్షియా ఉన్న పెద్దలున్నారా? పాతబస్తీలో ఎవరిని అడగాలి?

అన్నం తిన్న పది నిమిషాలకే 'నాకు పెట్టలేదు' అంటున్నారా? వాదించకండి, మాట మార్చండి. వయసైపోయిందని వదిలేయకండి. థైరాయిడ్, బీ12 లోపాలతోనూ మతిమరుపు వస్తుంది, అది మందులతో తగ్గొచ్చు. ముందు అఫ్జల్‌గంజ్‌ ఉస్మానియా ఆసుపత్రిలోనో, పంజాగుట్ట నిమ్స్ న్యూరాలజీలోనో చూపించండి.

గల్లీల్లో అసలు భయం తప్పిపోవడం. సొంతింట్లోనే ఉండి, సాయంత్రమయ్యేసరికి 'మా ఇంటికి పోతా' అంటూ బయల్దేరతారు. జేబులో మీ ఫోన్ నంబర్ చీటీ పెట్టండి. కిరాణా కొట్టాయనకు, పాన్‌డబ్బా అతనికి ముందే చెప్పి ఉంచండి. సీసీ కెమెరా కన్నా వాళ్లే నయం. కనిపించకపోతే వెంటనే 100కు ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్న నియమమేదీ లేదు.

సలహాలకు ఎల్డర్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. చాకిరీ అంతా ఒక్క కోడలి మీదో, కూతురి మీదో పడుతుంది. నిద్ర లేక, పెద్దాయనపై చెయ్యెత్తేంత కోపం వస్తోందా? టెలీ మానస్ 14416కు చేయండి. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, ఉచితం.