నూరు జతలు మాత్రమే! – అరుదైతేనే బొమ్మ మీద ఆశ పుడుతుందా?



పోయిన నెల కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. వచ్చే నవరాత్రికి సంఘం పేరుతో మరపాచి బొమ్మలు చేయించాలి. నూరు జతలు మాత్రమే. ప్రతి జత అడుగున 1 నుంచి 100 వరకు నంబరు వేయాలి, తరువాత మళ్ళీ ఎప్పటికీ చేయించకూడదు. లాభం ఆదివారం తెలుగు తరగతికి. "లిమిటెడ్ ఎడిషన్ అంటే జనం ఎగబడి కొంటారు" అని మన కుర్రవాళ్ళ మాట. తరగతికి డబ్బు కావాలనడంలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవాణ్ణి నేను, ఆ తరగతి విలువ నాకు తెలుసు. కానీ "తక్కువగా ఉంటేనే ఆశ పుడుతుంది" అన్న మాట ఎంతవరకు నిజం? ఓటు వేసే ముందు ఆ చరిత్ర కొంచెం చూద్దాం. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ముందు కుర్రవాళ్ళ పక్షానే మాట్లాడతాను. 1975లో అమెరికాలో స్టీఫెన్ వర్షెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్ళు ఒక పరీక్ష చేశారు. కొందరికి 10 బిస్కెట్లున్న జాడీ ఇచ్చారు, కొందరికి 2 మాత్రమే ఉన్న జాడీ. బిస్కెట్లు అన్నీ ఒకటే. రెండే ఉన్న జాడీ అందుకున్నవాళ్ళు ఈ బిస్కెట్ ఎక్కువ కావాలనిపిస్తోంది, దీనికి ఎక్కువ వెల పెట్టవచ్చు అన్నారు. ముందు 10 చూపించి, కళ్ళ ముందే 2కి తగ్గిస్తే ఆశ ఇంకా పెరిగింది. అయితే రుచి ఎలా ఉంది అని అడిగితే పెద్ద తేడా చెప్పలేదు. కొరత వల్ల చెయ్యి జాడీ వైపు తొందరగా పోతుంది. బిస్కెట్ మాత్రం అదే బిస్కెట్. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే బొమ్మల కథ సగం అర్థమైనట్టే.

బార్బీ బొమ్మ 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల సంతలో మొదట కనిపించింది. వెల 3 డాలర్లు. మొదటి ఏడాదే సుమారు 3 లక్షలు అమ్ముడయ్యాయి అని లెక్క. ఇప్పుడు ఆ మొదటి బార్బీ పెట్టెతో సహా చెక్కుచెదరకుండా దొరికితే వేల డాలర్లు పలుకుతుంది. లక్షల్లో అమ్మిన బొమ్మ ఎలా అరుదైంది? పిల్లలు ఆడుకున్నారు. జుట్టు కత్తిరించారు, చెప్పులు పోగొట్టారు, తలలు ఊడదీశారు. అమ్మలు అట్టపెట్టెలు ఆ రోజే పారేశారు. ఎవరూ దాచాలనుకోలేదు కాబట్టి కొన్నే మిగిలాయి.

1988లో అదే కంపెనీ పండుగ గౌను వేసిన హాలిడే బార్బీ తెచ్చింది. ఆ ఏడు అంగళ్ళలో చాలక జనం వెతుక్కున్నారు. ఆ సంగతి చూసి తరువాత ప్రతి ఏడూ ఒక పండుగ బార్బీ వచ్చింది, సంఖ్య పెంచుతూ పోయారు. కొన్నవాళ్ళందరూ ఇది రేపు బంగారం అని పెట్టె విప్పకుండా బీరువాలో పెట్టారు. ఫలితం ఏమిటంటే, 1990లలో కొన్న పండుగ బార్బీలు ఇప్పటికీ లక్షల ఇళ్ళలో పెట్టె విప్పకుండా ఉన్నాయి, చాలా వాటికి కొన్న వెల కూడా రాదు. దాచమని చెప్పి అమ్మిన వస్తువును అందరూ దాచారు. అందరూ దాచినది అరుదు ఎలా అవుతుంది?

గుడ్డ బొమ్మల కథ ఇంకా విచిత్రం. టై వార్నర్ అనే ఆయన 1993లో బీనీ బేబీలు అని చిన్న బొమ్మలు తెచ్చాడు, లోపల ప్లాస్టిక్ గుళికలు, వెల సుమారు 5 డాలర్లు. పెద్ద అంగళ్ళకు ఇవ్వకుండా చిన్న అంగళ్ళకే కొద్దికొద్దిగా పంపేవాడు. ఉన్నట్టుండి ఒక్కొక్క బొమ్మ రిటైర్ అయింది, ఇక తయారు చేయం అని ప్రకటించేవాడు. మనకు రిటైర్మెంట్ అయితే ఒక పూలదండ, ఒక శాలువ. ఆ బొమ్మకు రిటైర్మెంట్ అయితే వెల పది రెట్లు! జనం పిల్లల చదువుకు అని బొమ్మలు కొని దాచారు. 1999లో లాస్ వేగాస్ కోర్టులో విడాకులు తీసుకుంటున్న ఒక జంట నేల మీద చతికిలబడి బీనీ బేబీలను ఒక్కొక్కటిగా పంచుకుంటున్న ఫోటో ఆ రోజుల్లో చాలామంది చూశారు. ఆ ఏడే కంపెనీ డిసెంబరు 31తో అన్నీ ఆపేస్తున్నాం అని ప్రకటించింది, తరువాత కొనేవాళ్ళ చేత ఓటు వేయించి, ఓటు ప్రకారం అంటూ మళ్ళీ తయారీ సాగించింది. ఆ తరువాత వెలలు పడిపోయాయి. అటకల మీద డబ్బాలు మిగిలాయి.

"లిమిటెడ్" అన్న మాటలోనే ఎంత సాగే గుణం ఉందో ఇంకొక ఉదాహరణ. గోడకు తగిలించే పింగాణి పళ్ళాలు అమ్మే కంపెనీలు ఇన్ని పళ్ళాలే చేస్తాం అని చెప్పకుండా, ఇన్ని రోజులే కొలిమిలో కాలుస్తాం అని ప్రకటించేవి. రోజుకు ఎన్ని కాలుస్తారో కొనేవాడికి తెలియదు. హద్దు ఉంది, కానీ ఆ హద్దు ఎక్కడుందో అమ్మేవాడికే ఎరుక.

ఇప్పుడు మన మనవళ్ళు, మనవరాళ్ళ చేతి సంచులకు వేలాడే లబుబు కూడా ఈ వంశంలోదే. హాంకాంగ్‌లో పుట్టిన కళాకారుడు కాసింగ్ లంగ్ 2015లో తన బొమ్మల పుస్తకం కోసం గీసిన కోరపళ్ళ బొమ్మ అది. చైనా కంపెనీ పాప్ మార్ట్ దాన్ని మూసిన పెట్టెల్లో అమ్ముతుంది. లోపల ఏ బొమ్మ ఉందో విప్పితేగానీ తెలియదు. 72 పెట్టెలకు ఒకటి చొప్పున రహస్య బొమ్మ ఉంటుందని ఆశ. 2025 జూన్‌లో బీజింగ్ వేలంలో మనిషంత లబుబు ఒకటి 10 లక్షల యువాన్లు దాటి, అంటే మన డబ్బులో కోటి రూపాయలకు పైగా పలికింది. అదే నెలలో కంపెనీ సరుకు ఎక్కువగా వదలగానే చేతులు మారే చిన్న లబుబుల వెలలు దిగిపోయాయి. బొమ్మ మారలేదు, కోరపళ్ళు మారలేదు. దొరుకుతుంది అని తెలిసింది, అంతే.

నంబరు గురించి ఒక మాట, ఇది నా ఉద్యోగం మాట. మేము అమ్మిన పాత అట్ట టికెట్ గుర్తుందా? ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ ఉద్యోగి 1830ల చివర కనిపెట్టిన పద్ధతి అది. ప్రతి టికెట్ మీదా వరుస నంబరు ఉంటుంది, కౌంటర్లో తేదీ మిషన్‌లో పెట్టి టక్కుమని కొట్టి ఇచ్చేవాళ్ళం. లెక్క చూసుకోవడానికే ఆ నంబరు. ప్రయాణం అయ్యాక గేటులో ఇచ్చేసి పోవాలి. అన్నిటికీ నంబరు ఉన్నా ఎవరూ దాచుకోలేదు. కంప్యూటర్ వచ్చి అట్ట టికెట్ పోయాక, ఇప్పుడు దాన్ని వెతికి సేకరించేవాళ్ళు బయలుదేరారు. వాళ్ళు అడిగేది నంబరు కాదు. ఆ స్టేషన్ పేరు, ఆ తేదీ, ఆ రోజు ఆ బండిలో ఎవరు ఎక్కారు అన్నది.

ఇక మన కొలువుకు వద్దాం. కొలువు అంటే రాజు సభ. విజయనగర రాజులు మహానవమికి తొమ్మిది రోజులు కొలువు తీరేవారు. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఆ వైభవం చూసి రాసిపెట్టాడు. మన ఇళ్ళలో రాజుకు బదులు బొమ్మలు మెట్ల మీద కొలువు తీరుతాయి. ఆంధ్రాలో చాలా ఇళ్ళలో సంక్రాంతికి పెడతారు. తమిళనాడులో ఉన్న మనం నవరాత్రికి పెడతాం.

ఈ కొలువులో ఒక కట్టుబాటు ఉంది. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలి. అంటే సేకరణ అనేది మనకు పాత సంగతే. కానీ ఎలాంటి బొమ్మలు? పండ్రుట్టి, కాంచీపురం బొమ్మకారవీధి, మదురై పక్కన విలాచేరి. ఒకే అచ్చులో మట్టి గాని కాగితపు గుజ్జు గాని ఒత్తి తీసిన బొమ్మలు. అదే దశావతారం సెట్టు, అదే పెళ్ళి ఊరేగింపు, అదే పప్పులు ముందు పెట్టుకున్న చెట్టియారు, వీధిలో నాలుగు ఇళ్ళలోనూ ఉండేవి. "ఆ ఇంట్లో లేని బొమ్మ మనింట్లో ఉండాలి" అనే పోటీ ఆడవాళ్ళలో లేదని నేను చెప్పను. ఉండేది, బాగానే ఉండేది. అయినా పేరంటానికి వచ్చినవాళ్ళు ఇది ఎన్ని చేశారు అని అడిగినట్టు ఎవరైనా విన్నారా? "ఈ ఏడు కొత్తది ఏది?" అని అడుగుతారు. "ఇది మా పెద్దబ్బాయి పుట్టిన ఏడు కొన్నది", "ఇది అవ్వ కంచి నుంచి తెచ్చింది" అని ఇంటావిడ చెబుతుంది. విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెడతారు. ఏటా బయటికి తీసి, తుడిచి, చూపించి, మళ్ళీ చుట్టే పని వల్లనే ఆ బొమ్మకు విలువ వచ్చింది.

మరపాచి సంగతి కొంచెం వేరు. పెళ్ళిలో ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఇచ్చే జత అది, కొలువులో ముందు స్థానం దానిదే. అసలైన మరపాచి ఎర్రచందనంతో చేస్తారు. మా ఇంట్లోది మా అమ్మ పెళ్ళికి తాతగారు తిరుపతిలో కొన్నది. ముక్కులు అరిగిపోయాయి, ఎందుకంటే మూడు తరాల పిల్లలు దానికి స్నానం పోశారు. బార్బీ లెక్క ప్రకారం అది చెడిపోయిన బొమ్మ.

కానీ ఈ చెక్కలో నిజమైన కొరత ఉంది, అది ఏ కంపెనీ పుట్టించింది కాదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఒక్క చోటే: శేషాచలం, వెలిగొండ, నల్లమల వైపు కొండల్లో, కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల్లో. చెట్టు చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. 1995లో దీన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. అరుదు అనే పేరు పెరిగేకొద్దీ దొంగ బజారులో వెల పెరిగింది, వెల పెరిగేకొద్దీ గొడ్డళ్ళు పెరిగాయి. అందులో బొమ్మల వంతు చాలా చిన్నది, విదేశాల్లో ఖరీదైన సామాన్లకు పోయేదే ఎక్కువ. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. కూలికి తమిళనాడు నుంచి వెళ్ళినవాళ్ళు. రెండు రాష్ట్రాల మధ్య బతికే మనం ఆ వార్త మరచిపోలేదు. అరుదు అనే మాటను అమ్మకానికి పెట్టేటప్పుడు ఆ మాట వెనక ఏమేమి వస్తాయో కూడా ఆలోచించాలి.

కాబట్టి ప్రతిపాదన మీద నా అభిప్రాయం ఇది.

బొమ్మలు చేయిద్దాం. కానీ "నూరు మాత్రమే, ఇక ఎన్నటికీ లేదు" అని వద్దు. అలా అంటే మొదటి నెలలో అమ్ముడవుతాయి, నిజమే. కొనేది మాత్రం బొమ్మను కాదు, నంబరును. పెట్టె విప్పరు. వచ్చే ఏడు తరగతికి మళ్ళీ డబ్బు కావలసినప్పుడు ఇంకొక "మాత్రమే" కనిపెట్టాలి. అదీగాక, నూట ఒకటో ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి వస్తే ఆ పిల్లకు మన సంఘం బొమ్మ లేదని చెప్పాలా?

కుర్రవాళ్ళు "గడువు లేకపోతే ఎవరూ డబ్బు కట్టరు" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఏటా ఆర్డరుకు చివరి తేదీ పెడదాం. చెక్కేవాళ్ళు నవరాత్రిలోపు ఎన్ని చేయగలరో అన్నే తీసుకుందాం, మిగిలినవి మరుసటి ఏడు. అది నిజమైన హద్దు, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. చెక్క విషయంలో లెక్కా రసీదూ ఉన్న ఎర్రచందనం దొరికితే సరే, లేకపోతే వేరే చెక్క. నంబరు ఉండే చోట ఇంటి పేరు, పూర్వీకుల ఊరు, సంవత్సరం తెలుగులో చెక్కిద్దాం. ఆ అక్షరాలు చదవడానికైనా పిల్లలు ఆదివారం తరగతికి వస్తారు.

దీనికంటే అవసరమైన పని ఇంకొకటి ఉంది. ఈ మధ్య పాత ఇళ్ళు అమ్మి ఫ్లాట్లకు మారేటప్పుడు అవ్వల ట్రంకు పెట్టెలు పాత సామాన్లవాడికి పోతున్నాయి. పిల్లలు విదేశాల్లో, ఏడు మెట్లు పెట్టే చోటు లేదు, ఏం చేస్తారు పాపం. ఆ బొమ్మలు పాత వస్తువుల అంగడికి చేరాక వేలల్లో వెల పలుకుతున్నాయి, కానీ ఎవరి ఇంటివో చెప్పేవాళ్ళు లేరు. సంఘం హాలులో ఒక బీరువా చాలు. ఇవ్వదలచినవాళ్ళు ఇవ్వండి. ఒక్క షరతు: బొమ్మతో పాటు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలి. తెలుగులో రాయడం రాకపోతే తమిళంలో రాయండి, నేను తెలుగులో రాసి పెడతాను.

కమిటీ సమావేశానికి ముందు మీ అభిప్రాయం చెప్పండి. మీ ఇంట్లో పాత మరపాచి ఉంటే, అది ఎవరి పెళ్ళిలో వచ్చిందో కూడా రాయండి.