నీల్ దీవిలో నీటి కింద

మోకాలి లోతు నీళ్లలో గైడు చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం మరిచిపోకండి: ఊపిరి బిగబట్టకూడదు. వీపున సిలిండరు, నడుముకు సీసం దిమ్మలు, నోట్లో రబ్బరు గొట్టం. మీటరు దిగగానే చెవిలో పోటు మొదలవుతుంది. ముక్కు నొక్కి మెల్లగా ఊదండి. ‘టప్’మంటుంది, పోటు పోతుంది. ఇంకో మీటరు. మళ్లీ ఊదండి. బాగుందని చెప్పబోయి బొటనవేలు పైకెత్తారో, గైడు మిమ్మల్ని నీటి పైకి తీసుకుపోతాడు. ఇక్కడ ఆ సైగకు పైకి పోదామనే అర్థం.

నర్సీపట్నం వాళ్లం, తాండవ రిజర్వాయరు గట్టున నిలబడి చూసినవాళ్లం. నీళ్లంటే అడుగు కనబడదనే మన లెక్క. ఇక్కడ నీల్ దీవి భరత్‌పూర్ తీరంలో ఇసుక మీద మీ నీడ మీకే కనిపిస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందుగా మాయమవుతుంది, ఎర్ర బనీను మట్టిరంగుకు తిరుగుతుంది. కరకరమని చప్పుడు. ఒక చిలక చేప పగడాన్ని గీకి తింటోంది. అది అరిగించుకుని విసర్జించేది ఇసుకే. ఒడ్డున మీరు ఫొటోలు దిగిన తెల్ల ఇసుకలో దాని వాటా కూడా ఉంది! కాస్త పక్కన బూడిదరంగు ముక్కల గుట్ట. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా మేర తెల్లబారి చచ్చాయి. ప్యాకేజీ బొమ్మల్లో ఈ గుట్టలు వేయరు.

పైన దీవి చిన్నదే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల కూరగాయల తోటలు, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని రామాయణం పేర్లు. 2018లో దీవికి శహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు, జనానికి మాత్రం నీలే. గడియారం మనదే గానీ సూర్యుడు మనకంటే ముందుంటాడు. వేసవిలో ఐదింటికే తెల్లారిపోతుంది.

చేపల వేటకు పోర్ట్ బ్లెయిర్ తిరిగి రండి. జంగ్లీఘాట్ రేవులో బోటు ఎక్కుతుంటేనే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది.

“ఏ ఊరు బావూ?”

“నర్సీపట్నం.”

“మా అమ్మమ్మోలది పూడిమడక. రండి, రండి.”

బోటు నడుస్తుండగానే నైలాన్ దారం వెనక్కి వదులుతారు. గేలానికి పైన జానెడు ఇనుప తీగ కడతారు, కోనాం చేప పళ్లకు నైలాన్ ఆగదు మరి. “దారం వేలికి సుట్టకండి బావూ, పెద్దది పడిందంటే వేలు ఎగిరిపోద్ది.” గంట గడుస్తుంది, ఏమీ తగలదు. ఎండ నెత్తికెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది. అప్పుడు దారం ఒక్కసారిగా బిగుస్తుంది. అరచేయి చురుక్కుమంటుంది. ఇద్దరు లాగితే గానీ వెండిలా మెరిసే కోనాం బోటు అంచుకు రాదు. మధ్యాహ్నానికి చింతపండు పులుసులో ఉడుకుతుంది. హోటల్లో ఎంత పోసినా ఆ రుచి రాదు, ఒట్టు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. విశాఖ నుంచి ఓడ రోజూ ఉండదు, రెండు రోజులు దాటే ప్రయాణం, తేదీ చూసుకునే సెలవు పెట్టండి. విమానంలో తిరిగొచ్చేవాళ్లు డైవింగ్‌కీ ప్రయాణానికీ మధ్య ఒక రోజు వదలండి. ఒడ్డున పడున్న పగడపు ముక్కయినా సంచిలో వేసుకోకండి, అది నేరం.