హలీం బట్టీ

రంజాన్ నెలలో హైదరాబాద్ పాతబస్తీ హోటళ్ల ముందు కనిపించే ఇటుక, మట్టి పొయ్యి. కింద కట్టెల మంట. పైన దేగ్ అనే పెద్ద వంటపాత్రలో హలీం కోసం గోధుమలు, మాంసం, నెయ్యి దాదాపు 12 గంటలు ఉడుకుతాయి. అంతసేపూ సెగ నిలకడగా ఉండాలి.

బట్టీకి చేసే మరమ్మతు చాలావరకు మట్టిపనే. బీటలు వారిన చోట తడిమట్టి మెత్తి, బాగా ఆరాకే మంట పెట్టాలి. బూడిద పేరుకుంటే గాలి ఆడదు, కట్టెలు పొగ కక్కుతాయి.

అసలు తనిఖీ రాగి దేగ్‌కే. లోపలి పూత అరిగి ఎర్రగా రాగి తేలిందంటే కళాయి వేయించాల్సిందే: పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే తగరాన్ని దూదితో లోపలంతా రుద్దుతారు. ఇందులో బద్ధకిస్తే తినేవాళ్లకే ముప్పు.

ఇలా బట్టీ మీద ఉడికే హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.