ఉద్దాలు మొక్కిన ఊళ్లు – 7వ భాగం: ఆలోచన, నాయకుడు, సమూహం



పోయిన భాగం చదివి ఒక డిగ్రీ తమ్ముడు అడిగిండు: "అన్నా, సమాజాన్ని మార్చేది ఆలోచనా, నాయకుడా, జనమా?" రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు. అందుకే ఈ భాగం మొత్తం దీనికే. మొదలు మా ఊరి దగ్గర్నుంచే పెడతా.

మాది అమరచింత. దీపావళి దాటినంక మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కురుమూర్తి జాతరకు కదులుతయి. ఆ జాతరలో పెద్ద ఘట్టం ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి తోలు పాదుకలు. వాటిని కుట్టేది వడ్డెమాన్ మాదిగలు. ఉపవాసముండి, నిష్ఠతో కుడతరు. ఊరేగింపుగా వచ్చిన ఆ ఉద్దాలను నెత్తికి తాకించుకోవడానికి అన్ని కులాల వాళ్లూ ఎగబడతరు.

చిన్నప్పుడు మా అమ్మ నన్నూ ఆ గుంపులోకి తోసి, ఉద్దాలు నెత్తికి పెట్టించింది. తిరిగొస్తుంటే దారిలో ఒక హోటల్ కాడ చాయ్ తాగినం. మా గ్లాసులు వేరే. తాగినంక మేమే కడిగి, బోర్లించి రావాలె. "మనోళ్లు కుట్టిన చెప్పును నెత్తిన పెట్టుకుంటరు గదా, మనం తాగిన గ్లాసు ఎందుకు ముట్టరు?" అని అడిగిన. అమ్మ చెప్పింది ఒకటే మాట: "అది దేవుని చెప్పు బిడ్డా, ఇది మన గ్లాసు."

అమ్మ జవాబు మీద చాలా ఏండ్లు ఆలోచించిన. తోలు అదే, చెయ్యి అదే. మధ్యలో అడ్డం నిలబడ్డది ఒక ఆలోచన. కులం గోడగా కట్టుకున్న వస్తువు కాదు, నమ్మించిన ఆలోచన. అయితే ఒట్టి ఆలోచన అన్ని వందల ఏండ్లు నిలవదు. దాన్ని అమలుచేసే పెత్తనం కావాలె, తలొగ్గి పాటించే సమూహం కావాలె. మా దగ్గర ఆ పెత్తనం సంస్థానానిది. నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి లెక్కనే అమరచింత కూడా ఒక సంస్థానం, ఆత్మకూరు దాని రాజధాని. శిస్తు పైకి పోయేది, వెట్టి కిందికి దిగేది. డప్పు కొట్టుడు, కబురు మోసుడు, చచ్చిన పశువును ఎత్తుడు, ఇవన్నీ 'ఆనవాయితీ' పేరుతో నడిచినయి. ఆనవాయితీ అన్న మాట పడ్డంక కూలి ఎంత అని అడగడమే తప్పయింది.

అంటే పాత సమాజాన్ని నిలబెట్టింది ఈ మూడే: ఆలోచన, నాయకత్వం, సమూహం. కొత్తది నిలబడాలన్నా ఈ మూడే కావాలె. దీనికి మన చరిత్రలోనే గట్టి ఉదాహరణ ఉంది.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో మాదరి భాగయ్య పుట్టిండు. ఒక బారిస్టరు ఇంట్లో పనిచేస్తూ చదువు నేర్చుకున్నడు. ఆయనే మనందరికీ తెలిసిన భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. తెల్లారే హక్కుల ఉపన్యాసాలు మొదలుపెట్టలేదు. వాడల్లో భజనలు, హరికథలు పెట్టించిండు. చదువురాని జనానికి తెలిసిన రూపంలోనే కొత్త మాట చెప్పిండు. 1911లో ఆ మండలి మన్యసంఘం అయింది. తాగుడు, జంతుబలి, ఆడపిల్లల్ని దేవుని పేరుమీద విడిచే జోగిని ఆచారం, వీటిమీద కొట్లాడింది. 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచిండు. కాలక్రమంలో ఆ బడులు 26 అయినయి.

ఇక ఆలోచన సంగతి. 1917 నవంబర్‌లో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. సభ పేరునే ఆయన ప్రశ్నించిండు. మేం ఐదో వాళ్లం కాదు, ఈ నేల మొదటి వాళ్లం అన్నది ఆయన వాదన. ఆ సభ 'ఆది ఆంధ్ర' మహాసభ అయింది. పేరుదేముంది అనుకోకండి. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను గుర్తించింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో మనవాళ్లు 'ఆది హిందువులు'గా నమోదయిండ్రు. వాళ్లు పెట్టిన పేరుతో పిలిస్తే పలికిన జనం, తమ పేరు తాము రాసుకున్న జనంగా మారడానికి పద్నాలుగేండ్లు పట్టింది.

మరి ఆ గాలి మా అమరచింత దాకా ఎందుకు రాలేదు? హైదరాబాద్ ఎంత దూరం? రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. నాకు అర్థమైంది ఇది. నగరంలో మనవాళ్లకు రైల్వేలో, కంటోన్మెంటులో, తెల్లదొరల ఇండ్లలో నెల జీతాలున్నయి. పైసలు చేతికొచ్చినోడు సంఘానికి చందా ఇయ్యగలడు, సాయంత్రం సభకు పోగలడు. పోయిండని పొద్దున వాని గుడిసె పీకేటోడు లేడు. సంస్థానంలో మనిషికి జీతం లేదు, గింజలే. ఆ గింజలు దొర గాదెలోవి. ఆలోచన వచ్చినా అది నిలబడే జాగ లేదు. అందుకే ఆలోచన గొప్పదైతే చాలు అనే మాటను నేను నమ్మను. తిండి ఎవని చేతిలో ఉందో కూడా చూడాలె.

1949లో జాగీర్ల రద్దు వచ్చింది. గడీల పెత్తనం తగ్గింది, భూమి మాత్రం మనకు రాలేదు. మా జనం గుంపులు కట్టి వలస పోయిండ్రు. దేశంలో ఎన్నో డ్యాములకు పాలమూరు కూలీలు మట్టి మోసిండ్రు. మా నాయన కూడా ఒక గుంపులో పోయిండు. ఆ గుంపులో సమూహం ఉంది. ముందు నడిచే మేస్త్రీ ఉన్నడు. కానీ మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిన కాంట్రాక్టరు మనిషి, గుంపు ఎన్నుకున్న మనిషి కాదు. ఆలోచనా గుంపుది కాదు. మూడింట్లో రెండున్నట్టు కనిపించినా బతుకు మారకపోవడానికి కారణం అదే.

భాగ్యరెడ్డి వర్మ ఉద్యమానికి లోపాలు లేవా? ఉన్నయి, దాచొద్దు. ఆ సంఘాల్లో మాలల పెత్తనమే ఎక్కువ. 1930ల మొదట్లో అరిగె రామస్వామి అరుంధతీయుల పేరుతో మాదిగల్ని వేరే కూడగట్టవలసి వచ్చింది. 'మనం' అన్న మాటలో మాదిగకు చోటెంత అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. దానికి జవాబు చెప్పకుండ దాటేస్తే, 1994 జూలై 7న ఈదుముడిలో దండోరా అయి మోగింది. పేరు చివర సిగ్గుపడి దాచిన కులాన్ని గర్వంగా తగిలించుకున్న ఉద్యమం అది. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణను కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలకు ఆ అధికారం ఉందన్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకొచ్చింది. ఈదుముడి నుంచి ముప్పై ఏండ్లు! కోర్టులో ఓడిన రోజు కూడా ఆలోచన చావలేదు, ఎందుకంటే దాన్ని వాడవాడలో మోసే సమూహం మిగిలింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఏప్రిల్ 14న మా దగ్గర ఫ్లెక్సీలకు కొదవలేదు. బాబాసాహెబ్ బొమ్మ చిన్నగ, కట్టించినోని బొమ్మ పెద్దగ. మాలలది ఒక చౌరస్తా, మాదిగలది ఒక చౌరస్తా. స్టేటస్‌లు పెట్టే తమ్ముళ్లు బోలెడు మంది. వాడల పదో తరగతి పిల్లలు సాయంత్రం కూసొని చదువుకోను మాత్రం ఒక గది లేదు. భాగ్యరెడ్డి వర్మ నూరేండ్ల కింద, కరెంటు లేని వాడల్లో బడులు నడిపిండు. మనం ఆయన జయంతి నడుపుతున్నం.

ఆ తమ్మునికి నా జవాబు ఇది. ఆలోచన లేని నాయకుడు మేస్త్రీ అయితడు. సమూహం లేని ఆలోచన పుస్తకంలనే ఉంటది. ప్రశ్న అడగని సమూహం పాత ఆనవాయితీనే మళ్లీ మోస్తది. నాయకుని కోసం ఎదురుచూడకు. మీ వాడల ఒక గది, పది పుస్తకాలు, వారానికి ఒక సాయంత్రం చూసుకో. ఆ గదిలో మాల, మాదిగ, ఉపకులాల పిల్లలు ఒక్క చాపమీద కూసోవాలె. ఆడపిల్లలు ముందు వరుసల ఉండాలె. ఈ దీపావళి దాటినంక నేనూ కురుమూర్తికి పోత. ఉద్దాలు మొక్కను. వాటిని కుట్టిన పెద్దమనిషి పక్కన కూసొని, ఒక్క తీరు గ్లాసులల్ల చాయ్ తాగి, ఆయన చెప్పే చరిత్ర రాసుకొస్త.

వచ్చే భాగం ఆయన మాటల్లోనే.

జై భీమ్.